కోటిరత్నం కట్టిన కరెంటు లెక్క

తెల్లవారుజామున ఐదున్నరకు హైమావతి బోర్డు మీద "ఓం నియమం" అని రాసి వెనక్కి తిరిగిందో లేదో, ట్యూబులైటు ఆరిపోయింది. వరండాలో కూర్చున్న తొమ్మిదిమంది ఆడపిల్లలూ ఒక్కసారే "హో" అన్నారు. వారంలో ఇది నాలుగోసారి.

వంటింట్లోంచి అత్తగారు కోటిరత్నం గొంతు వీధి చివరిదాకా వినిపించింది. ఆవిడ గొంతుకు కరెంటుతో పనిలేదు.

"చూశావా! మీ బడి మొదలైందో లేదో ఫ్యూజు కొట్టేసింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి పది నిమిషాలు కాలేదు!"

హైమావతి గుంటూరులో బీయస్సీ చదివి, రెండేళ్ళ కిందట ఈ ఊరి కోడలై వచ్చింది. ఊళ్ళో ఇంతవరకూ ఒక్క ఆడపిల్లా పదో తరగతి గట్టెక్కలేదని తెలిసి ఈ ట్యూషను మొదలుపెట్టింది. బడి వదిలితే మిరపకోతలకు పోయే పిల్లలు. చదువుకు దొరికేది ఈ గంటన్నరే. పరీక్షలు పదకొండు రోజుల్లో ఉన్నాయి.

భర్త బాపయ్య కళ్ళు నులుముకుంటూ లేచి, ఈసారి ఫ్యూజుకు రెండు వరసల తీగ చుట్టాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా. కాసేపటికి ఫ్యూజుల బోర్డులోంచి పొగ వచ్చింది. పరుగెత్తుకెళ్ళి మెయిను ఆపేశాడు.

"ఇల్లు తగలబెట్టుకుంటామా?" అంది కోటిరత్నం కొడుకుతో. "వాళ్ళొచ్చినప్పుడే పోతంది, నువ్వే చూశావుగా!"

"హైమా, రేపట్నుంచి ట్యూషను మానెయ్యి" అన్నాడు బాపయ్య, పెళ్ళాం మొహం చూడకుండా.

హైమావతికి కళ్ళు చెమర్చాయి. కానీ నోరు మెదపకుండా ఊరుకునే రకం కాదు. "లైటూ ఫ్యానూ కలిపి వంద వాట్లండీ. తంటా అత్తయ్యగారి కరెంటు పొయ్యితోనే."

"నా పొయ్యా?" కోటిరత్నం కొంగు బిగించింది. "మూడుసార్లు కాయిల్ తెగితే, మాడిన ముక్క తీసేసి నా చేత్తో ముడేశాను. కొత్తది కొననిచ్చానా? తీగ పొట్టిదైతే కరెంటు తినేది తక్కువే! పైగా ముందుకంటే గబగబా కాగుతున్నయ్యి నీళ్ళు."

హైమావతి ఆగిపోయింది. "ఏమన్నారత్తయ్యా? గబగబా కాగుతున్నాయా?"

వెంటనే పక్కవీధిలో ఉండే లైన్‌మన్ యలమందయ్యకు కబురు పెట్టింది. అతను వచ్చి, కాలిన తీగ మార్చి, సరైన ఫ్యూజు వేశాడు. వోల్టేజి చూస్తే రెండొందల ఇరవై ఉంది. తీగ చుట్టూ పట్టుకుంటే కరెంటు ఎంతో చూపించే మీటరు ఒకటుంది అతని దగ్గర. ట్యూషను లైటూ ఫ్యానూ వేస్తే అందులో ముల్లు కదిలీ కదలనట్టు ఊగింది. అవి ఆపి పొయ్యి ఒక్కటీ కాసేపు వేస్తే తిన్నగా ఎనిమిది ఆంపియర్ల దగ్గరకెళ్ళి నిలబడింది.

గెలిచానని ఎగరాల్సిన చోట హైమావతి ఆ పని చెయ్యలేదు. "వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చిస్తే పొయ్యి లాగే వాట్లు వస్తాయి. రెండొందల ఇరవై ఇంటూ ఎనిమిది. కట్టండి" అంది పిల్లలతో.

పిల్లల్లో చురుకైన నసీమున్నీసా పలక అందుకునేలోపే కోటిరత్నం నోటివెంట జవాబు వచ్చేసింది. "రెండొందలు ఎనిమిదిసార్లు పదహారొందలు, ఇరవై ఎనిమిదిసార్లు నూట అరవై. పదిహేడొందల అరవై!" మిరపకాయల టిక్కీ బస్తాల తూకాలు నోటితోనే కట్టే మనిషికి ఇదొక లెక్కా?

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఆగండే. పొయ్యి కొన్నప్పుడు కొట్టువాడు వెయ్యి అన్నాడే. మిగతా ఏడొందల అరవై ఎక్కణ్ణించొచ్చింది?"

"అదే అత్తయ్యా నా ప్రశ్న కూడా" అంది హైమావతి. "కాయిల్ కరెంటుకు అడ్డం. పుస్తకంలో నిరోధం అంటారు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే అదెంతో తెలుస్తుంది. నసీమా, చెప్పు."

"ఇప్పుడు ఇరవై ఏడున్నర ఓములు టీచర్. వెయ్యి వాట్లంటే కొత్తలో నాలుగున్నర ఆంపియర్లే కదా, అప్పుడు నలభై ఎనిమిదికి పైనే ఉండాలి."

కోటిరత్నం పొయ్యిలోని పొట్టి కాయిల్‌ వంక వంగి చూసింది. "కాలవకు అడ్డకట్ట తగ్గిస్తే నీళ్ళు ఎక్కువ పారతయ్యి... అంటే నేను ముక్క తీసినప్పుడల్లా కరెంటు ఎక్కువ లాగిందన్నమాట. ఆ బరువుకే ఫ్యూజు పోతంది, నేను నీళ్ళు పెట్టేదీ వీళ్ళొచ్చే వేళకేగా. తప్పు నాది పెట్టుకుని ఈ పిల్లల్ని ఆడిపోసుకున్నానా?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను బడికి పోతానంటే మా నాయన, నోటిలెక్క వచ్చుగా, ఇంకెందుకు అన్నాడే హైమా. నేనూ ఇవాళ అదే పని చెయ్యబోయాను."

హైమావతి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మరి ట్యూషను..." అని నసిగాడు బాపయ్య.

"ఆగదు! నీళ్ళు కట్టెలపొయ్యి మీద కాగుతయ్యి. కట్టెలు నువ్వు కొట్టు" అంది తల్లి.

యలమందయ్య మీటరు సంచిలో వేసుకుంటూ, "ఇంత గుట్టు ఎవరు పట్టారమ్మా, కోడలుపిల్లేనా?" అన్నాడు.

కోటిరత్నం నిటారుగా నిలబడింది. ఆ మాట ఊరంతటికీ వినిపించాలనే అంది.

"దారి చూపింది మా కోడలు. లెక్క కట్టింది నేను!"