కోయని గడప

బల్కంపేటలో, గుడికి నాలుగు సందుల అవతల, మూడో అంతస్తులో మా గది. ఒక వంటగట్టు, ఒక బాత్రూము, మెట్ల వైపు తలుపు. వీధి వైపు గోడకు కిటికీ కూడా లేదు. ఎనిమిది నెలల కిందట దివ్యశ్రీ, నేనూ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి అందులో చేరాం. ఆమెది నల్గొండ దగ్గర పల్లె, నాది తెనాలి. పెళ్లికి రెండు వైపుల నుంచీ ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రాకపోతే పోయారన్నాను. కులం కట్టిన గోడలు మనకెందుకు, మన గోడలు మనమే కట్టుకుందాం అన్నాను. ఇలాంటి మాటలు నా దగ్గర చాలా ఉండేవి.

దివ్య దగ్గర ఒకటే మాట ఉండేది. ఇది ఇల్లులా లేదని. పంజగుట్టలో ఒక ల్యాబు రిసెప్షన్‌లో పొద్దంతా నిలబడి వచ్చి, బోసిగోడ చూస్తూ అన్నం తినలేకపోతున్నానంది. ఆషాఢం వెళ్లేలోపు ఈ గదికి ఇంటి కళ రాకపోతే పాత హాస్టల్‌కు పోతానంది. కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది.

షోరూములు చూసొచ్చాం. పురుగు తిన్న చెక్కకు 'రస్టిక్' అని పేరు పెట్టి అద్దాల వెనక నిలబెట్టారు. అదే చెక్క పేదవాడింట్లో ఉంటే దరిద్రం, ఉన్నవాడి గోడకెక్కితే అందం. మెట్లు దిగుతూ ఆ ముక్క సేల్స్‌మన్‌కు వినపడేలా అన్నాను. మనమే చేసుకుందాం అని దివ్యకు చెప్పాను.

మైత్రీవనంలో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కు కంప్యూటర్లు వచ్చిన చెక్కపెట్టెలు వెనక మెట్ల కింద పడి ఉన్నాయి. అవి విప్పి తెచ్చాను. మేకులు పీకి, సుత్తితో సాపు చేసి, మళ్లీ అవే కొట్టాను. ముందు టీ డికాక్షన్ పూసి, ఆరాక, స్టీలు పీచు నానేసిన వెనిగర్ పూస్తే కొత్త చెక్క కూడా యాభై ఏళ్లదానిలా నల్లబడుతుంది. తాళాలు తగిలించే పలక, దీపం స్టాండు, అద్దానికి చట్రం చేశాం. ఆ వారం దివ్య నవ్వగా విన్నాను. ఇక మిగిలింది నేలకు దగ్గరగా ఒక పుస్తకాల అర. దానికి మూడున్నర అడుగుల ఒకే చెక్క కావాలి.

ఎర్రమంజిల్ వెనక సాయిలు అనే ఆయన కూల్చిన ఇళ్ల కలప అమ్ముతాడు. కిటికీలు, తలుపులు, దూలాలు వరసగా ఆనించి ఉన్నాయి. ఒక మూల గడపలు. అన్నీ సగానికి కోసినవే. ఒక్కటి మాత్రం నిండుగా ఉంది. పొద్దునే వచ్చిందట. నల్లటి టేకు, మధ్యలో అడుగులకు అరిగిన పల్లం, దాని మీద ఎన్నేళ్లవో పసుపు పొరలు. అది కావాలన్నాను. సాయిలు రంపం తీసుకున్నాడు.

"నిండు గడప ఇయ్యం తమ్మీ. ఇల్లు కూలిందని దానికెరుక లేదు. యాడ వెడితే ఆడికే పాత మనుషులు ఇల్లనుకొని వస్తరు. రెండు ముక్కలు చేస్తెనే తొవ్వ బంద్ అయితది."

నాకు మండింది. ఈ చెక్క ఎంతమందిని బయట నిలబెట్టిందో తెలుసా అని అడిగాను. ఎవరి నీడ పడితే ఎన్ని బిందెల నీళ్లతో కడిగారో అడిగాను. శుక్రవారం శుక్రవారం మొక్కించుకున్న ఈ దుంగ ఇకనుంచి నా పుస్తకాలు మోస్తుందన్నాను. ఉండేవాడిదే ఇల్లు, చచ్చినవాడిది కాదన్నాను. సాయిలు అంతా విన్నాడు. రంపం గోడకు తగిలించాడు.

"మస్తు మాట్లాడుతవ్. తీస్కపో."

శనివారమంతా దాన్ని గీకాను. పసుపు పొడి గోళ్లలోకి, ముక్కులోకి పోయింది. వీధి వైపు గోడకు ఆనించి, ఇటుకల మీద నిలబెట్టి, పుస్తకాలు పేర్చాను. దివ్య దూరం నుంచి చూసి, ఇప్పుడు జర ఇల్లు లెక్కుందంది. హాస్టల్ మాట మళ్లీ రాలేదు.

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు వాన మొదలైంది. గుడి వైపు బోనాల డప్పులు కాసేపు మోగి, తడిసి, ఆగిపోయాయి. కరెంటు పోయింది. దివ్య చాప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను కొవ్వొత్తి కోసం వెతుకుతున్నాను.

చెప్పులు విడిచిన చప్పుడు.

గోడ అవతల.

ఆ గోడ అవతల ఏమీ లేదు. వాన, కరెంటు తీగలు, మూడంతస్తుల కింద సందు. అంతే.

మళ్లీ ఒక జత. ఆ తర్వాత ఇంకొకటి. ఎవరో ముసలాయన దగ్గు. కాళ్లకంటిన బురద విదిలించిన చప్పుడు... గదిలోకి వాసన వచ్చింది. తడి బట్టలు, కొబ్బరి నూనె, బీడీ, వాటన్నిటి కింద నేను గీకి పారేసిన పసుపు.

గడప కిర్రుమంది. బరువు పడినట్టు.

ఒక పుస్తకం జారింది. పడలేదు. ఎవరో కాలితో పక్కకు నెట్టినట్టు నేల మీద జరుగుతూ వచ్చి నా మడమకు తగిలింది. ఇంకోటి... ఇంకోటి...

"వచ్చిన్రా?" అంది దివ్య. మామూలుగా. గోడతో.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. మనిషి మనిషిలాగే ఉంది.

"ఎవరు దివ్యా?" అన్నాను.

"మనోళ్లు." చీకట్లో ఆమె నవ్వుతోంది, మాటలో తెలుస్తోంది. "ఎవలో ఒకలు వచ్చిన్రు కదా, భార్గవ్."

ఆ మాటకు నేను ఏడవాల్సింది. కోపమొచ్చింది. ఎనిమిది నెలలు ఆమెకు నేనుంటే చాలనుకున్నాను.

చెవి పక్కన ఊపిరి. చల్లగా, బీడీ కంపుతో.

"ఎవడు వీడు?"

రెండో గొంతు, ఆడమనిషిది, ఇంకా కిందనుంచి. "మన ఇంట్ల వీనికేం పని?"

ఇది మా ఇల్లు అన్నాను. ఉండేవాళ్లం మేమే అన్నాను. గది నాలుగు మూలల నుంచీ, ఒకేసారి, నోరు మూసుకుని నవ్వారు.

చెక్కపెట్టెలు కోసిన రంపం చేతికి దొరికింది. మోకాళ్ల మీద పడి గడప మధ్య పల్లాన్ని వేలితో తడిమి, పళ్లు ఆనించి లాగాను. పొట్టు రాలింది. తడిగా... చెక్క లోపల అంత తడి ఎక్కడిదో.

"ఆగు," అంది దివ్య.

నేను ఆగలేదు.

"ఆగు భార్గవ్. కొయ్యకు."

ఆమె చేత ఎవరో అనిపిస్తున్నారనుకున్నాను. ఆమె సొంతంగా నాకు అడ్డుచెప్పగలదని నా బుర్రకు తట్టలేదు. బలమంతా పెట్టి లాగాను. సగం... ముప్పాతిక... గడప రెండు ముక్కలై ఇటుకల మీంచి ఒరిగింది.

గోడ అవతల చప్పుళ్లు టక్కున ఆగాయి. వాన ఒక్కటే. గెలిచాననుకున్నాను.

దివ్య చెప్పింది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

"గడప వచ్చేతందుకే కాదు. అందరు వచ్చిన్రు. వాళ్లు మళ్ల పోయే తొవ్వ అదొక్కటే ఉండె."

కరెంటు వచ్చింది.

గదిలో ఎవరూ లేరు. తలుపు దగ్గరకు వెళ్లి చూశాను, గడియ వేసే ఉంది. దివ్య చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. కొంచెం పక్కకు జరిగింది, బస్సులో ఇంకొకరికి చోటిచ్చినట్టు. కాసేపాగి మళ్లీ జరిగింది. మళ్లీ... మళ్లీ... చివరకు ఆమె భుజం గోడకు ఆనింది. అంత చాపా ఖాళీగా ఉంది. నేను కూర్చోవడానికి చోటు లేదని మాత్రం నాకు తెలుస్తోంది.

పేరు పెట్టి పిలిచాను. పక్కనెవరో మాట్లాడుతుంటే మధ్యలో పిలిచినవాడి వైపు చూసినట్టు, విసుగ్గా ఒక చూపు చూసి తల తిప్పుకుంది.

అప్పుడు నేల చూశాను. తడి పాదాల గుర్తులు. గోడ మొదట్లోనుంచి వరసగా చాప దాకా వెళ్లాయి. పెద్దవి, చిన్నవి, ఒకటి కర్ర ఊతంతో. ఫ్యాను గాలికి ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

ఒక జత చాప దాకా వెళ్లలేదు. తలుపు దగ్గర నిలబడ్డ నా కాళ్ల ముందుకొచ్చి ఆగింది, వేళ్లు నా వైపు.

అది ఆరడం లేదు. ఇంకా తడుస్తోంది.