నత్త

“ఆగు! ఆ ల్యాప్‌టాప్ అక్కడ పడేసి పో!”

ఆమె ఆగడం లేదు.

అప్పుడే చీకటి పడింది. వాన. మార్కెట్ వెనక సందు. షట్టర్లన్నీ దించేశారు. ఒక చెప్పు ఊడిపోయింది. ఎక్కడ ఊడిందో గుర్తులేదు.

కోటు లోపల చిన్న ల్యాప్‌టాప్. ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకకింద నొక్కి పట్టుకుంది.

వెనక ఎర్ర హెల్మెట్ వాడు! ఇంటి మెట్ల దగ్గరే కాపు కాశాడు. బండి ఈ సందులో పట్టక, దిగి పరిగెత్తుకొస్తున్నాడు.

“నిన్నేమీ చెయ్యను! అది ఇచ్చెయ్, చాలు!”

అది...!

అంటే దీని సంగతి తెలిసే వచ్చాడు.

భయం వెయ్యాలి. వెయ్యడం లేదు. తమ్ముడు పోయినప్పటి నుంచీ ఆమెకు ఏదీ తెలియడం లేదు. ఆకలి లేదు. ఏడుపు లేదు. అంత్యక్రియల రోజు కూడా చుట్టాలకు కుర్చీలు సర్దుతూ నిలబడింది. కాళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

మలుపు. చెత్త డబ్బా. కాలితో వెనక్కి తన్నింది.

ధడేల్!

వాడు బోర్లా పడ్డాడు. బూతు ఒకటి గోడలకు తగిలి ఆమె దాకా వచ్చింది.

కుడిచేతి వైపు అంతస్తుల కార్ పార్కింగ్. దూరిపోయింది. ఎదురుగా లిఫ్ట్. తలుపు మీద సర్వీస్ కంపెనీ స్టిక్కర్. ఆమె భర్త కంపెనీదే.

ఆమె మెట్లెక్కుతోంది.

లిఫ్ట్ ఎక్కడం మానేసింది. తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. బావ కంపెనీలోనే ఉద్యోగం. ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో తలుపు తెరిచి ఉంది... లిఫ్ట్ లేదు. ఖాళీలోకి పడిపోయాడు.

కాలు జారింది, అన్నారు. అజాగ్రత్త, అని రాశారు. నిద్రలో లేపి అడిగినా లిఫ్ట్ గురించి చెప్పగలిగినవాడు, ముందు ఏముందో చూసుకోకుండా అడుగేశాడట!

ఆమె తప్ప అందరూ నమ్మారు.

ఒక్క ఇన్‌స్పెక్టర్ మేడమ్ మాత్రం కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. “అనుమానంతో అరెస్ట్ చెయ్యలేనమ్మా. నా చేతికి ఏదో ఒకటి దొరకాలి. దొరికితే ఎప్పుడైనా సరే కాల్ చెయ్.”

దొరకాలి. లేకపోతే తమ్ముడు తన తప్పుకు తానే పోయినవాడిగా మిగిలిపోతాడు. ఆమెకు ఈ లోకంలో ఇంకో పని లేదు.

పై అంతస్తు. ఒక వ్యాన్ వెనక కూలబడింది. కవర్ చింపి మూత తెరిచింది.

మూల పగిలింది. ఎంటర్ కీ ఎప్పుడో ఊడిపోయింది. ఆ చోట రబ్బరు బొడిపె ఒక్కటే ఉంది. చవగ్గా వచ్చిందని కొనుక్కున్నాడు. “లిఫ్ట్ బోర్డుకి వైరు తగిలించి చూసుకోడానికి ఈ బుల్లిది చాలక్కా. పెద్దదైతే మెషీన్ రూమ్‌లో నేను పట్టాలా, అది పట్టాలా?” అనేవాడు.

దాని పేరు నత్త. ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా స్క్రీన్ మీద సున్నా తిరుగుతూనే ఉండేది. అందుకే ఆపేవాడు కాదు.

“ఒకసారి నిద్రపోయిందంటే మళ్ళీ లేవదక్కా ఇది!”

జేబులోంచి ఇంటర్నెట్ డేటా స్టిక్ తీసి పక్కన గుచ్చింది. రబ్బరు బొడిపె నొక్కింది.

సున్నా తిరుగుతోంది.

తిరుగుతోంది...

“కానీవే...”

కింద మెట్ల మీద బూట్ల చప్పుడు!

కోటు జేబులో ఫోన్ వణికింది. భర్త.

“ఎక్కడున్నావ్?”

“ఎవడో తరుముతున్నాడండీ. మార్కెట్ పక్కన కార్ పార్కింగ్... పైన.”

“కదలకు. వచ్చేస్తున్నా. ల్యాప్‌టాప్ ఏదీ?”

“నా దగ్గరే ఉంది.”

సున్నా ఇంకా తిరుగుతూనే ఉంది. బూట్లు దగ్గరికొచ్చాయి. మెట్ల మలుపులో ఎర్ర హెల్మెట్!

వాడు చూశాడు. నవ్వాడు. ఒక్కో అడుగూ తాపీగా వేస్తున్నాడు...

హెడ్‌లైట్లు!

కారు సర్రున పైకొచ్చి ఇద్దరి మధ్యా ఆగింది.

“ఎక్కు!”

సున్నా అలా తిరుగుతుండగానే మూత మూసేసింది. లోపలికి దూకింది. కారు కదిలింది. హెల్మెట్ వాడు వెంటపడలేదు. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

వాడెవడని భర్త అడగలేదు.

“ఇంత తొందరగా ఎలా వచ్చారు?”

“దగ్గర్లోనే ఉన్నాలే. ఫోన్ ఇలా ఇవ్వు.”

“ఎందుకు?”

“వాళ్ళు దాన్ని పట్టుకునే నీ వెంట వస్తున్నారు.”

ఫోన్ కిటికీలోంచి ఎగిరి రోడ్డు మీద పగిలింది. క్లిక్... నాలుగు తలుపులూ లాక్ అయ్యాయి.

“అది కూడా ఇటు పెట్టు.”

ఆమె ల్యాప్‌టాప్‌ను రెండు సీట్ల మధ్య పెట్టింది. నల్లటి మూత. లైటు లేదు. లోపల ఫ్యాన్ కూడా లేని బాపతు. చడీచప్పుడు లేదు.

“ఇల్లు ఇటు కాదు కదా?”

“ఆ రోడ్డంతా ట్రాఫిక్.”

“వంతెన దాటేశాం...”

“ఊఁ.”

“ఇది పాత నూలు మిల్లు కదూ? వెనక గేటు వైపు వెళ్తున్నారేంటి?”

“ఏంటీ ప్రశ్నలు?”

“ఊరికే.”

కారు ఆగింది. లైట్లు ఆరిపోయాయి. వైపర్ ఒక్కటే అటూ ఇటూ తిరుగుతోంది.

“ఆ వీడియో చూశావా?”

“ఏ వీడియో?”

“నిన్న భోంచేస్తూ నువ్వేగా అన్నావ్! వాడి ల్యాప్‌టాప్‌లో ఆ రోజు వీడియో ఏదో ఉంది, ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చేస్తానని!”

“తెరుచుకోలేదండీ. నత్త సంగతి మీకు తెలుసుగా.”

“ఇంకెవరికి చెప్పావ్?”

“మీకొక్కరికే.”

అతను ఊపిరి పీల్చుకున్నాడు.

“అందుకే అడుగుతున్నా,” అంది ఆమె. “ఆ ఎర్ర హెల్మెట్ వాడికి ఎవరు చెప్పారు?”

అతను స్టీరింగ్ వదిలేశాడు.

సందులో మొదటి కేకకే ఆమెకు తెలిసిపోయింది. తమ్ముడు పోయిన సాయంత్రం అతను ఇంటికొచ్చి తన చొక్కా తనే ఉతుక్కున్నాడు. పెళ్ళయ్యాక ఒక్క గ్లాసు కడిగి ఎరగని మనిషి! ఆమె చూసింది. ఏమీ అనలేదు. నిన్న ఆ మాట చెప్పాక రాత్రంతా ఒకటే కోరుకుంది... ఎవరూ రాకూడదు. దీనికోసం ఎవరూ రాకూడదు.

వచ్చారు.

అతను డ్యాష్‌బోర్డ్ సొరుగు లాగాడు. చేతిలోకి పిస్టల్ వచ్చింది.

“మా అక్క గట్టిది బావా, అనేవాడు మీ తమ్ముడు. నిజమే.”

“పిస్టల్ ఎందుకండీ? వాడేం చేశాడు మిమ్మల్ని?”

“కేబుల్స్ అరిగిపోయాయట! మార్చకపోతే లిఫ్ట్ ఆపించేస్తాడట! నా ఉప్పు తింటూ నా మీదే కంప్లయింటా? ఎంత బతిమాలాను! వింటేనా...”

“తలుపు మీరే తెరిచారా?”

“వాడే తెరిచాడు. ‘చూడు బావా, ఎలా ఉందో’ అంటూ వంగి చూపిస్తున్నాడు. ఒక్క తోపు... అంతే.”

“వెంటనే పడిపోయాడా?”

అతను అద్దంలోంచి వానను చూస్తున్నాడు.

“అంచు దొరికింది వాడికి. ‘బావా, చెయ్యి...’ అన్నాడు.”

“మీరు?”

“తలుపు మూసేశా.”

వైపర్ అటు వెళ్ళింది. ఇటు వచ్చింది.

ఇప్పుడైనా ఏదో జరగాలి లోపల. ఏమీ జరగలేదు. చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

“అందులో వీడియో లేదండీ.”

“ఏంటీ?”

“పాటలున్నాయి. వాడు తీసిన నా ఫొటో ఒకటి ఉంది. ఇంకేమీ పట్టే చోటే లేదు దాన్లో. నిన్న మీతో అబద్ధం చెప్పాను.”

అతని ముఖంలో రంగు పోయింది. మళ్ళీ వచ్చింది. నవ్వాడు.

“మరింకేం? నేను చెప్పింది విన్నది నువ్వొక్కదానివే!”

పిస్టల్ ఆమె వైపు తిరిగింది.

మూత మూస్తే ల్యాప్‌టాప్ ఆగిపోతుందని అతని నమ్మకం. అతని ఖరీదైన ల్యాప్‌టాప్ అలాగే ఆగిపోతుంది. నత్తను మాత్రం తమ్ముడు మూత మూసినా మేలుకునే ఉండేలా పెట్టుకున్నాడు. ఫోన్ అయితే లాక్కుంటాడని ఊహించే, పార్కింగ్‌లో ఆ రబ్బరు బొడిపెతో ఆమె నొక్కింది ఇన్‌స్పెక్టర్‌కి వీడియో కాల్. మూసేటప్పటికి సున్నా తిరుగుతోంది. ఆ తర్వాత కలిసిందో, లేదో... ఆమెకూ తెలియదు.

“మేడమ్...” అంది మెల్లగా. “విన్నారా?”

“ఏ మేడమ్?!”



వాన. వైపర్. ట్రిగ్గర్ మీద వేలు...

మూసిన మూత కింద గరగర!

“విన్నానమ్మా.” మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. “మొత్తం... విన్నాను. మిల్లు గేటు దగ్గరే ఉన్నాం. ఏయ్! గన్ కింద పెట్టు!”

అతను అదిరిపడ్డాడు. మూత లాగి తెరిచాడు. స్క్రీన్ మీద ఇన్‌స్పెక్టర్ ముఖం, సగంలో ఆగిపోయి.

“ఆపు! దీన్ని ఆపు!”

కనిపించిన కీనల్లా నొక్కుతున్నాడు. నత్త వినదు. మధ్యలో సున్నా... తాపీగా తిరుగుతోంది.

పిస్టల్ కిందికి దిగింది.

ఢాం!

చెవుల్లో హోరు. కారునిండా పొగ. కీలు ఆమె ఒళ్ళో చిందాయి.

“పోయింది!” అతను పిచ్చిగా నవ్వుతున్నాడు. “సాక్ష్యం పోయింది! ఇప్పుడేం చేస్తారు?”

అందులో ఏదీ దాచుకునే చోటు లేదని ఆమె ఇందాకే చెప్పింది. అతను అన్నదంతా ఎప్పుడో ఇన్‌స్పెక్టర్ దగ్గరికి చేరిపోయింది. గేటు దగ్గర పోలీసులు ఆ మాటలు వింటూనే నిలబడ్డారు.

జీపు లైట్లు. అరుపులు. కిటికీ భళ్ళుమంది. ఎవరో అతన్ని కాలర్ పట్టి బయటికి లాగారు.

“అమ్మా, నీకేం తగల్లేదు కదా?” ఇన్‌స్పెక్టర్ తలుపు తీసి అడుగుతోంది.

ఆమె వినడం లేదు. స్క్రీన్‌లో బొక్క. అంచున రబ్బరు బొడిపె ఇంకా ఉంది. తమ్ముడి వేలికి అరిగి నున్నబడిన బొడిపె.

పవర్ బటన్ నొక్కింది.

సున్నా రాలేదు.

మళ్ళీ నొక్కింది. గట్టిగా. ఇంకా గట్టిగా.

రాలేదు.

“లేవరా...” అంది.

అప్పుడు వచ్చింది ఏడుపు.