ఆగమంటే ఆగే ఆట

వసంతకుమార్ బ్యాగు సర్దుకుంటున్నాడు. జీవిత అతని షాపులో స్టూలు మీద కూర్చుని చూస్తోంది. రెండు చొక్కాలు, లాప్‌టాప్, ఛార్జరు, చిన్న స్క్రూడ్రైవర్ల డబ్బా. జిప్పు వేశాడు. తీశాడు. ఛార్జరు ఉందో లేదో చూసి మళ్ళీ వేశాడు.

"పది దినాలకు పోయేవాడు స్క్రూడ్రైవర్లు తీస్కపోతాడా ఎవడన్నా?"

"నా చేతికి అలవాటైనవి. పక్కన లేకుంటే నిద్ర పట్టదు."

"టవలు పెట్టుకున్నావా?"

వసంత్ చేతులు ఆగిపోయాయి. తల గోక్కున్నాడు.

"శభాష్! ఆటలు పరీక్ష చేసేకి పిలిచినారంట నిన్ను. ముందు నిన్ను పరీక్ష చేయాల వాళ్ళు."

కోడుమూరు బస్టాండు ఎదురుగా వసంత్‌ది సెల్ రిపేరు షాపు. వెనక గదిలో రెండు టీవీలు, నాలుగు కుర్చీలు, వీడియో గేములు. బెంగళూరులో ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి అతన్ని పది రోజులు రమ్మంది. బజారులోకి రాని ఆటలు ఆడాలి, తప్పులు పట్టాలి, ఏది బాగుందో ఎందుకు బాగుందో చెప్పాలి. నచ్చితే ఉద్యోగం.

వాళ్ళిద్దరికీ పరిచయమైంది ఆ 'ఎందుకు బాగుందో' అన్న మాట దగ్గరే. పరిచయం అనకూడదు, పోట్లాట అనాలి.

రెండు వానాకాలాల కిందటి సంగతి. జీవిత జిరాక్సు సెంటరులో పని చేసేది. తీరిక దొరికితే ఫోనులో వీడియో గేముల గురించి తనకు తోచింది మాట్లాడి నెట్‌లో పెట్టేది. వినేవాళ్ళు మూడు వందల మంది ఉంటారేమో. బొమ్మలు మెరిసిపోతే చాలదనేది. మనిషి దూకినప్పుడు కాళ్ళ కింద రవ్వంత దుమ్ము లేస్తే, ఆ నేల మీద మనమే నిలబడ్డట్టు ఉంటుందనేది. ఎంత పెద్ద యుద్ధం ఉన్నా, ఆటలో ఏ పనీ లేని చోటొకటి ఉండాలట. ఊరికే ఒక ఏటి గట్టు, వాన, కాసేపు నిలబడి చూడటానికి. ఇవన్నీ చెప్పి చివర గట్టిగా ఒక మాట అంది: ఎక్కడంటే అక్కడ ఆపి, దాచుకోనివ్వని ఆట అసలు ఆటే కాదని.

దాని కింద ఎవరో రాశారు: "రెండు నిమిషాలకోసారి సేవ్ చేసుకునేవాళ్ళది ఆట కాదు, కాపలా."

ఆమెకు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు ఒక పాత టీవీ గేము డబ్బాను గుడ్డలో చుట్టుకుని ఈ షాపుకి వచ్చింది. క్యాసెట్లు పెట్టి ఆడే రకం. రెండు రిమోట్లు. మొదటిదానికి స్టార్ట్ బటన్ పనిచేయదు.

"దీన్ని పారేయక్కా," అన్నాడు వసంత్, తల ఎత్తకుండా.

"నేను నీకు అక్కనా? బాగు చేస్తావా, చేయవా? లోపల ఏదీ చెడిపోకూడదు. తీసేటప్పుడు నేనీడనే ఉంటా."

"దీంట్లో సేవే ఉండదు, పోయేకి ఏముండాది? కాపలా ఎందుకు దీనికి?"

జీవిత కళ్ళు చిన్నవయ్యాయి. "ఏమంటివి? కాపలానా? నా వీడియో కింద రాసింది నువ్వేనా?"

అప్పుడు తలెత్తాడు. ఎత్తినవాడు చాలాసేపు దించలేదు. బయట చినుకులు మొదలయ్యాయి. ఎర్రమట్టి వాసన షాపులోకి వచ్చింది. చేతిలో స్క్రూ ఎక్కడ పడిపోయిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఆ బటన్ కింద ఉండే చిన్న రబ్బరు ముక్క ఎక్కడా దొరకలేదు. కర్నూలులో వెతికాడు, కడపలో వెతికించాడు. రబ్బరు దొరకలేదని చెప్పటానికి వారానికోసారి ఫోను చేసేవాడు. వినటానికి ఆమె వారానికి రెండుసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా వెనక గదిలో ఇద్దరూ ఆడేవారు, వాదించుకునేవారు.

"ఓడిపోతే నొప్పి పుట్టాల జీవితా. అప్పుడే గెలుపుకు రుచి."

"నొప్పి కావాలంటే ఆటెందుకు? పోయినదాన్ని మళ్ళీ తెచ్చుకునే దారి ఉంటేనే ఆట. లేకుంటే అది బతుకే గదప్పా."

అలా రెండేళ్ళు. నిన్ననే వసంత్ ఏదో పాత కాలుక్యులేటరు విప్పి, దాని రబ్బరు కోసి, ఆ బటన్ కింద అతికించాడు. ఇప్పుడు గుడ్డలో చుట్టిన డబ్బాను జీవిత ఒళ్ళో పెట్టి అడిగాడు.

"పనిచేస్తాది, చూసుకో. ఒక్క బటన్‌కి రెండేండ్లు నా ప్రాణం తీస్తివి. ఎందుకో ఇప్పుడన్నా చెప్పు."

ఎవరికీ చెప్పని సంగతి అది. డబ్బా మీది దుమ్ము లేని చోట దుమ్ము తుడుస్తూ చెప్పింది.

"మా అన్న నెహెమ్యా కొనిచ్చినాడు. నాకు తొమ్మిదేండ్లు. వారానికే స్టార్ట్ బటన్ పోయింది. మొదలుపెట్టేకీ, నడుమ ఆపేకీ అదొక్కటే బటన్; పదిసార్లు గట్టిగా ఒత్తితే ఆట మొదలయ్యేది గాని, ఆపేకి కాదు. అన్నకు మంగంపేటలో లారీ మీద పని దొరికింది. మా ఇంట్లో ఎవురు ప్రయాణమైనా అందరమూ గడప కాడ నిలబడి ప్రార్థన చేయాల. అమ్మ పిలిచింది. ఏడో లెవెల్‌లో ఉన్నా, ఒకటే లైఫ్ మిగిలింది. 'వస్తాన్నా, ఇదయిపోనీ' అన్నా. 'ఆడుకో పాపా, నేనొచ్చినాక రెండో రిమోట్ నాది' అన్నాడు. తిరిగి చూడలేదు నేను. టీవీనే చూస్తాంటి. మూడో దినం ఫోనొచ్చింది, ఘాట్‌లో లారీ పడిపోయిందని."

వసంత్ బ్యాగు జిప్పు తీశాడు, ఊరికే. మళ్ళీ వేశాడు. అప్పుడు అన్నాడు.

"నేను తిరిగొస్తా. శనివారం సాయంత్రం బస్సుకు. వస్తే నన్ను పెండ్లి చేసుకుంటావా?"

ఇది ఎప్పుడో ఒకనాడు అడుగుతాడని ఆమెకు తెలుసు. జవాబూ తెలుసు. కానీ బ్యాగు సర్దిన మనిషిని చూస్తే నోట మాట రాదు ఆమెకు.

"పోయేవాళ్ళకు మాటియ్యను. వచ్చినవాళ్ళకే ఇస్తా."

అంటూనే గుడ్డ విప్పి, రెండో రిమోట్ వైరు ఊడదీసి, అతని బ్యాగులో చొక్కాల మధ్య దోపింది.

"ఇదెందుకు?"

"నాది నీ దగ్గరుంటే తెచ్చియ్యాల గదా."

తన తల్లి విశ్వాసమ్మ దగ్గర ప్రార్థన చేయించుకోకుండా అతన్ని పోనివ్వలేదు జీవిత. తమ ఇంటి గడప దగ్గర అతన్ని నిలబెట్టి ఆమె కళ్ళు మూసుకుంది. ఆ ప్రార్థనలో డ్రైవరు కళ్ళు వచ్చాయి, బ్రేకులు వచ్చాయి, టైర్లు ఆరూ విడివిడిగా వచ్చాయి, దారిలో వాగులూ వంకలూ అన్నీ పేరుపేరునా వచ్చాయి. ఆమెన్ అనేసరికి కర్నూలు బస్సు వెళ్ళిపోయింది.

"పోతే పోనీలే నాయనా, ఇంకోటి ఉండాది. టైర్లు చెప్పకపోతే నాకు మనసొప్పదు," అంది విశ్వాసమ్మ.

తరువాతి బస్సు కిటికీలోంచి వసంత్ చెయ్యి ఊపాడు. మలుపు దాటినా ఆ చెయ్యి ఇంకా ఊగుతున్నట్టే కనిపించింది జీవితకు.

పది రోజులు కలలో నడిచినట్టు గడిచాయి. జిరాక్సు కాగితాలు తిరగేసి పెట్టి తిట్లు తింది. తొమ్మిదో రోజు ఫోను మోగింది.

"ఆట ఎందుకు బాగుంటాదని అడిగినారు జీవితా. పెద్దపెద్ద చదువులోళ్ళు ఏందేందో చెప్పినారు. నేను కాళ్ళ కింద దుమ్ము చెప్పినా. ఏటి గట్టు చెప్పినా. ఆగమంటే ఆగాల అని చెప్పినా."

"అది నీ మాట కాదు గదా! నొప్పి పుట్టాల అంటాంటివి?"

"ఈడ తొమ్మిది దినాలు ఒక్కడినే ఉన్నా. నొప్పి శానా అయింది, రుచేమీ లేదు. ఉద్యోగం ఇచ్చినారు. ఈ మాటలు ఎవురివి అని అడిగితే నీ పేరు చెప్పినా. ఆ పిల్లను కూడా పిల్చుకురా అన్నారు."

ఆమె ఫోను గుండెకు ఆనించుకుని, తిరిగి చెవికి పెట్టుకునేలోగా లైను తెగిపోయింది.

శనివారం మధ్యాహ్నం నుంచి వాన. ఎండిపోయి ఉండే వంకలన్నీ ఒక్కసారిగా మేలుకున్నాయి. ఐదింటి బస్సు రాలేదు. వసంత్ ఫోను స్విచాఫ్. వంక మీద నీళ్ళు పారుతున్నాయని, బస్సులు అవతలే నిలబెట్టారని బజారు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. విశ్వాసమ్మ ఎసట్లో మరో గిద్దెడు బియ్యం పోసింది. ఎవరికని జీవిత అడగలేదు.

కూర్చోలేక, నిలబడలేక, ఆమె ఆ పాత డబ్బాను టీవీకి తగిలించింది. పదిహేనేళ్ళ తర్వాత మొదటిసారి. కీచుమనే పాట మొదలైంది. చిన్న మనిషి పరుగెత్తాడు, దూకాడు. వేళ్ళకు దారి ఇంకా గుర్తుంది. బయట వాన, తెర మీద వాన లేని నీలి ఆకాశం. ఆ ఆకాశం కింద ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదనిపించింది కాసేపు. రెండు, నాలుగు, ఆరు. ఏడో లెవెల్. ఒకటే లైఫ్.

"జీవితా!"

గడప దగ్గర గొంతు. ఆమె వేలు స్టార్ట్ బటన్ మీద పడింది. ఒత్తింది.

ఆట ఆగింది. చిన్న మనిషి గాలిలో, గుంత పైన, రెండు కాళ్ళూ చాపుకుని అలాగే ఆగిపోయాడు. జీవిత రిమోట్ కింద పెట్టి, లేచి, తిరిగి చూసింది.

మోకాళ్ళ దాకా బురద. బ్యాగు నెత్తిన. చొక్కా లోపల పొడుచుకు వచ్చిన ఏదో.

"వంక అవతల దిగి, తాడు పట్టుకుని దాటినా. ఫోను నానిపాయ," అన్నాడు వసంత్ వణుకుతూ. చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "ఇది మాత్రం తడవలేదు, చూడు."

"టవలు తెచ్చుకున్నావా?"

"లేదు."

"నిన్ను కట్టుకున్నోళ్ళకు ఉండాది లే పని," అంది. అతని నెత్తి మీది బ్యాగు దించింది. "చేసుకుంటా. విన్నావా? చేసుకుంటా. ఇట్ల తాడు పట్టుకుని ఇంకోసారి దాటితే మాత్రం చంపేస్తా."

"వచ్చినవానికే మాటిస్తానంటివి. ఇచ్చినావు."

విశ్వాసమ్మ వంటింట్లోంచి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తడిసిన అతని తల మీద ఒక చెయ్యి, కూతురి తల మీద ఒక చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. ఈసారి ప్రార్థన చాలా చిన్నది. టైర్లు రాలేదు.

అన్నం తిన్నాక రెండో రిమోట్ వైరు డబ్బాకు తగిలించాడు వసంత్. జీవిత స్టార్ట్ ఒత్తింది. గాలిలో ఆగిన మనిషి గుంత దాటి నేల మీద దిగాడు. ఆ లెవెల్ అయిపోయాక ఇద్దరి ఆట మొదలుపెట్టారు.

పదిహేనేళ్ళు ఆ రెండో రిమోట్‌తో ఎవరూ ఆడలేదు. అది నెహెమ్యాది. నెహెమ్యా తిరిగి రాలేదు. అతను ఆ గడప దాటి వెళ్ళింది 2009 నవంబరు 14, శనివారం ఉదయం.