మూలపట్టీ రంగు

ఆ రోజు మూడో ఇంటిదిబ్బ, అంటే ఇంట్లో పెంచే పగడాల తొట్టె, దగ్గరికి వచ్చేసరికి సత్యవేణి మోచేతుల మీద ఉప్పు తెల్లగా ఆరిపోయి ఉంది. ‘కన్ను’ అనే కొలత యంత్రాన్ని గాజుతొట్టె అంచుకు తగిలించింది. పగడానికి ఉండవలసిన రంగు అచ్చువేసిన వర్ణపట్టీని నీళ్ళలోకి దించి పగడం మొదలుకు ఆనించింది. పైనున్న దీపం, పొద్దుబిళ్ళ, నీలం తగ్గించుకుని తెలుపుకు వచ్చేదాకా ఆగింది. కన్ను ఒకసారి పట్టీని, ఒకసారి పగడాన్ని చూసుకుంది. రంగులో తేడా ఉంటే వెలుగు ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో అదే తేలుస్తుంది. ఈ పని చేసేవాళ్ళని వెలుగరులు అంటారు. పేరు ఘనమే గాని, వెలుగు మీద సత్యవేణికి ఉన్న పెత్తనం కేలండరు మీద మేకుకు ఉన్నంత.

“తేడా ఎనిమిది. రెండు మెట్లు పెంపు. గంటలో అమలు,” అంది కన్ను.

“ఏటి, మళ్ళీ పెంపేనా?” అంటూ నూకరత్నం వంటగదిలోంచి వచ్చింది. జాలారిపేటలో ఆవిడ టిఫిన్ దుకాణం తెలియనివాళ్ళు లేరు. చేతులకు ఇంకా పిండి ఉంది. “పోయిన పాలి పెంచినావు, కొసలు గోరంత తెలుపెక్కినాయి. ఇప్పుడు సూడు, ఏలెడు. నాకు కనబడతంది, దాని కన్నుకి కనబడదేటి?”

కనబడదు. నిబంధన ప్రకారం కన్ను చూసేది మొదలునే. అక్కడ ఇంకా కాస్త గోధుమరంగు మిగిలి ఉంది. పట్టీ మీద ఉన్నది లేత గులాబీ. ఆ గులాబీ వచ్చేదాకా వెలుగు పెరుగుతూనే ఉంటుంది.

సముద్రం వేడెక్కి పగడాలు పోతున్నప్పుడు, మిగిలినవాటిని పగడాల మండలి ముక్కలు చేసి ఏడు వేల ఇళ్ళకు పంచింది. నీళ్ళు చల్లబడిన రోజున తిరిగి దింపుదామని ఆశ. ఈ జింకకొమ్ము రకం ఇప్పుడు నూకరత్నం ఇంట్లో తప్ప నగరంలో ఇంకెక్కడా లేదు. పోయిన ఏడు అది ఊదా గులాబీ కలిసిన రంగులో మెరిసిపోతుంటే వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. సత్యవేణి ఒక్కతే భయపడింది. పగడం ఒంట్లో గోధుమరంగు నాచు కాపురం ఉంటుంది, దానికి వండిపెట్టేది ఆ నాచే. వెలుగు మితిమీరితే పగడం నాచును బయటికి గెంటేసి, ఎండకు గొడుగు పట్టినట్టు రంగులు కప్పుకుంటుంది. జ్వరంతో పిల్ల బుగ్గలు ఎర్రబడితే ఎంత ముద్దుగా ఉందో అని మురిసినట్టుంది ఈ వ్యవహారం. ఆమె మండలికి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ ఒకటే జవాబు: పట్టీ ప్రకారం నడుచుకోగలరు. ఈ ఏడు ఆమె చేతుల మీదుగా తొమ్మిది తొట్లలో పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి.

“ఇది పోతే ఏటని రాస్తారు?” అడిగింది నూకరత్నం.

“యజమాని నిర్లక్ష్యం అని రాయాలక్కా.” సత్యవేణి తలెత్తలేకపోయింది.

నూకరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. ట్రంకుపెట్టె అడుగున పట్టుచీర మడతల్లో దాచిన కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. “ఇరవయ్యేళ్ళ కింద దీన్ని నాకు ఒప్పజెప్పిన కాయితాలు. నీళ్ళు మార్చడం ఒక్క వారం తప్పినానేమో సెప్పు. నిర్లక్ష్యమంట.”

కాగితాల మధ్యలోంచి ఒక పట్టీ జారి నేల మీద పడింది. సత్యవేణి తీసి చూసింది. అదే కొలత, అదే మండలి ముద్ర, అదే అంకె. రంగు మాత్రం ముదురు బెల్లం రంగు. తన పట్టీని దాని పక్కన పెట్టి చూసుకుంటే వెలిసిపోయింది తనదే.

మండలి హాల్లో అద్దాల పెట్టెలో మూలపట్టీ ఉంటుంది. ఏటేటా వార్షికోత్సవం నాడు దాన్ని చూసి కొత్త పట్టీలు అచ్చు వేస్తారు. అంతటి పట్టీ చీకట్లో ఉంటే మర్యాద కాదని, దాని నెత్తిన ఒక పొద్దుబిళ్ళను రాత్రీ పగలూ వెలిగించి ఉంచారు. ఎండలో ఆరేసిన చీర వెలుస్తుందని తెలియని ఇల్లాలు ఉండదు. అంత పెద్ద మండలిలో ఆ ముక్క ఒక్కరికీ తట్టలేదు. ఇరవయ్యేళ్ళుగా మూలపట్టీ వెలుస్తూ వచ్చింది, దానితో పోటీగా ఏడు వేల తొట్లలో వెలుగు పెరుగుతూ వచ్చింది.

ఆమె పై అధికారి ధర్మారావుకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

“మూలపట్టీ తప్పెలా అవుతుందమ్మా? తప్పొప్పులు చూసేది దాంతోనే కదా,” అన్నాడాయన. చెడ్డవాడేం కాదు, మాట కూడా మెత్తగానే ఉంది. “ఆ పాతది పంపించు. వచ్చే సమావేశంలో పెడదాం.”

“అదెప్పుడండీ?”

“నలభై రోజులు పడుతుంది.”

కన్ను మీద పెంపుకు ఇంకా ఇరవై రెండు నిమిషాలున్నాయి. సత్యవేణికి ఏడుపొచ్చింది. రాయవలసినవన్నీ రాసింది, చెప్పవలసినవాళ్ళకు చెప్పింది. ఇక ఆమె చేతిలో మిగిలింది సరితూకం మీట ఒక్కటే. రోజూ పొద్దున్నే తన పట్టీని కన్నుకు చూపించి నొక్కే మీట అది. అందరి పట్టీలూ ఒకటే కదా అని, ఒక కన్ను సరితూకం మిగతా కళ్ళన్నిటికీ, ఇళ్ళలోని పొద్దుబిళ్ళలకూ చేరేలా గొలుసు కట్టారు.

ఆమె బెల్లం రంగు పట్టీని కన్ను ముందు పెట్టింది.

“పట్టీ మారింది. ఖాయమా?” అంది కన్ను.

నొక్కింది. పొద్దుబిళ్ళ ఒక్కో మెట్టూ దిగుతూ సాయంత్రపు వెలుగు దగ్గర ఆగింది. ఎదురింటి కిటికీలో మెరిసే నీలం కూడా తగ్గింది, ఆ తర్వాత దాని పక్కింట్లో. వీధి చివరి దాకా కిటికీలన్నీ మసకబారాయి. ఫోన్ మోగింది.

“నగరమంతా దిగిపోయింది సత్యవేణీ. నీ కన్ను నుంచే వచ్చింది,” అన్నాడు ధర్మారావు. “నీ పట్టీ పెట్టి మళ్ళీ నొక్కు తల్లీ. నేను పైకి చెప్పను.”

“పెట్టనండీ.”

“నువ్వు పెట్టకపోతే రేపు తొమ్మిదింటికి ఇక్కడ మూలపట్టీతో మేమే సరిచేస్తాం. నీ ఉద్యోగం పోవడం తప్ప మిగిలేదేముంది?”

“తెలుసండీ,” అని ఆమె ఫోన్ పెట్టేసింది. రేపు తొమ్మిది తర్వాత ఏం చేయాలో ఆమెకు ఏమీ తోచలేదు.

నూకరత్నం అప్పటికే తొట్టె మీదికి వంగి చూస్తోంది. పగడం మొదట్లో, ఇంకా తెలుపెక్కని చోట, నూగుగింజంత పువ్వులు నాలుగైదు విచ్చుకుని నీళ్ళలో కదులుతున్నాయి.

“ఇయ్యేటి పాపా? ఎప్పుడూ సూళ్ళేదు.”

“పగడం నోళ్ళక్కా. ఆ వెలుగుకి మూసుకునే ఉండేవి.”

 నూకరత్నం చేతులు కడుక్కుని మేత డబ్బా తెచ్చింది.

“ఆకలితో ఉన్నాయి,” అంది మూత తీస్తూ. “రేపు తొమ్మిది దాకా తిననీ.”