మాడిన గంధం

తెల్లవారగానే టీ కూడా తాగకుండా అక్క షెడ్డులోకి వెళ్లి, బాయిలర్ కింద మరో నాలుగు కట్టెలు ఎగదోసింది. గంధపు పొడి సన్నని మంట మీద రెండు రోజులు ఉడికితేనే మంచి నూనె దిగుతుంది. మంట పెరిగిందా, అడుగు మాడుతుంది. ఆ మాడు వాసన నూనెను ఇక వదలదు. నలభై ఏళ్లలో ఒక్కసారీ చేయని తప్పు ఆమె ఇవాళ కావాలనే చేసింది.

పది గంటలకు అత్తరు వ్యాపారి వస్తాడు. అతని ముందు తమ్ముడు సీసా మూత తీస్తాడు. అప్పుడు తల ఎక్కడ పెట్టుకుంటాడో చూడాలి!

ఆర్నెల్ల కిందట పనివాళ్లందరి ముందు వాడన్న మాట ఆమె చెవిలో ఇంకా గింగురుమంటూనే ఉంది. "అక్కా, నీ ముక్కు ముసలిదైపోయింది. ఇక వంటిల్లు చూసుకో." నాన్న పక్కన కూర్చుని వాసన పట్టడం నేర్చుకున్నది తను. నూనె దిగే కుళాయి దగ్గర తను కూర్చునే స్టూలును కూడా వాడు సామాన్ల గదిలో పడేయించాడు.

ఇవాళ మంట చూసే మనిషి రాలేదు. "కాస్త మంట చూడక్కా" అని తమ్ముడే అడిగాడు. నోరారా అడిగాడు కదా, చూసింది.

తమ్ముడు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. నూనె చుక్క మణికట్టుకు రాసుకుని గట్టిగా పీల్చాడు. ఆమె వాడి మొహాన్నే చూస్తోంది.

"అబ్బ! ఇంత మంచి నూనె ఈ ఏడాది దిగలేదక్కా!"

ఆమెకు ఒళ్లు మండింది. ఎగతాళా? కానీ వాడి మొహంలో ఎగతాళి లేదు. ఏదో అనుమానం వచ్చి, దూదిని కిరసనాయిల్లో ముంచి అందించింది.

"ఇది నిన్నటిది. చూడు."

వాడు కళ్లు మూసుకుని మరీ పీల్చాడు. "ఇదీ బాగుంది. కాకపోతే కాస్త పల్చన."

"ఒరేయ్, అది కిరసనాయిలురా!"

దూది వాడి చేతిలోంచి జారిపోయింది.

"ఎప్పటినుంచి?"

"ఆర్నెల్ల కిందట జ్వరం వచ్చిందే, అప్పటినుంచి. ఏ వాసనా తెలీదు. మంట చూసేవాడు బాగుందంటే నేనూ తలూపేవాణ్ణి. నువ్వు పక్కనుంటే ఒక్కరోజులో పట్టేసేదానివి. అందుకే..."

"అందుకని నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావా?"

"వాసన తెలీనోడికి నాన్న చేసిన పనెందుకంటావని భయమేసిందక్కా."

బయట వ్యాపారి కారు హారన్ మోగింది. ఇప్పుడు ఆమె నోరు మూసుకుంటే చాలు, కక్ష తీరిపోతుంది. కానీ తమ్ముడు మణికట్టును మళ్లీ మళ్లీ ముక్కుకు ఆనించుకుంటున్నాడు, ఏదైనా తగులుతుందేమోనని.

"ఆ సీసా చూపించకు. మాడిపోయింది. నేనే మాడ్చాను, నీ పరువు తీద్దామని."

వాడు తిట్టలేదు. సీసా మూత బిగించి పక్కన పెట్టేశాడు.

"అతనికి పోయిన నెల నూనె ఇద్దాం. ముందు నా స్టూలు తీసుకురా. అందరి ముందూ అన్నావు, అందరి ముందే మోసుకురా."

వాడు మోసుకొచ్చాడు. పనివాళ్లు నోళ్లు తెరిచి చూస్తుండగా ఇస్త్రీ చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. "వాసన తెలీనిది నాకే. ఇకమీదట అక్క బాగుందంటేనే నూనె బయటికెళ్తుంది" అన్నాడు అందరికీ వినపడేలా.

ఆమె కూర్చుంది. వాడు పక్కనే గొంతుక్కూర్చుని మెల్లగా అడిగాడు.

"నిజంగా ఎలా ఉందక్కా ఆ నూనె?"

"మాడిన పాలలా. అచ్చం నా బుద్ధిలా" అంటూ వాడి మణికట్టు మీది నూనెను గట్టిగా తుడిచింది. తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.