పులవని గడ్డిరసం

"మా బావమరిది నా క్రిముల్ని చంపేశాడండీ!" అంటూ ఫ్యాక్టరీ ఓనరు కుర్చీలో కూలబడ్డాడు.

డిటెక్టివ్ అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. పక్కనే అసిస్టెంటు, అంటే ఆమె సొంత అల్లుడు, నిలబడ్డాడు. ఆవిణ్ణి మెచ్చుకోవడం అతని ఉద్యోగంలో భాగం. కాపురంలో కూడా.

ఆ ఫ్యాక్టరీలో గడ్డిని పిండి, పిప్పితో అట్టలు చేస్తారు. రసాన్ని ఒకప్పుడు కాలవలో పారబోసేవారు. బావమరిది దాన్ని ట్యాంకులో పోసి, క్రిముల్ని తోడు వేసి, పాలు పెరుగైనట్టు పులియబెట్టి ఆమ్లం తీశాడు. ప్లాస్టిక్ చేసేవాళ్లు దానికోసం ఎగబడుతున్నారు. ఎల్లుండి చూడ్డానికి వస్తున్నారు. ఇవాళ రసం పులవడమే మానేసింది.

"వాడు పోటీవాళ్లకి అమ్ముడుపోయాడు. గెంటేస్తా! గెంటేస్తే మా ఆవిడా వాడితోనే పోతుందట."

ట్యాంకు గదిలో అల్లుడికి అందరి మీదా అనుమానమే. బావమరిది నల్లచొక్కా నిండా పచ్చమరకలు, ఆగకుండా తుమ్ముతున్నాడు. ఓనరు భార్య మొగుణ్ణే గుచ్చిగుచ్చి చూస్తోంది. ఓనరు నీలం ప్యాంటుకి మోకాళ్ల దగ్గర తెల్లమచ్చలు. కొత్త ఫ్యాషన్ కాబోలు అనుకున్నాడు అల్లుడు.

రసం పారే తొట్టి అద్దంలా మెరుస్తోంది. అత్తగారు దాని మూల వేలు పెట్టి రుద్ది, వాసన చూసింది.

"తాళాలెవరి దగ్గరుంటాయి?"

"నా దగ్గరా, వాడి దగ్గరా."

"తొట్టి ఎవరు తోమారు?"

"పొద్దున వచ్చేసరికే మెరుస్తోందండి. పనివాళ్లనుకుని రసం వదిలేశా," అన్నాడు బావమరిది.

"వాసనేం రాలేదూ?"

"ఈ జలుబుతో నాకు ఏ వాసనా తెలీడం లేదండి."

అత్తగారు అందర్నీ తొట్టి చుట్టూ నిలబెట్టింది.

"బ్లీచింగ్ నీళ్లతో తోమారు. అవి రసంతోపాటు ట్యాంకులోకి దిగి క్రిముల్ని చంపాయి. బ్లీచింగ్ పడితే బట్ట రంగు పోతుంది. ఈ అబ్బాయి నల్లచొక్కా మీద ఒక్క తెల్లచుక్క లేదు. మోకాళ్ల మీద కూచుని తోమినవాళ్ల ప్యాంటు మాత్రం..."

అందరూ ఓనరు మోకాళ్లు చూశారు.

"బయటివాళ్లొస్తున్నారు కదా అని..." నసిగాడు ఓనరు. "ఓనరే తొట్టి తోమాడంటే పరువేం కాను? పనివాళ్లు వెళ్లాక తోమా. దానికే చస్తాయని నాకేం తెలుసండీ!"

అప్పుడు భార్య నోరు విప్పింది. "తమ్ముడు మన ఫ్రిజ్‌లో ఆ క్రిముల తోడు సీసా ఒకటి దాచాడు. కంపు, పారేయమన్నారుగా మీరు?"

ఓనరు మొహం పాలిపోయింది. "పారేశావా?"

"మీ మాట ఎప్పుడు విన్నాను గనక!"

ఓనరు చేతులు నలుపుకుంటూ బావమరిది వైపు తిరిగాడు. "ఏమోయ్... ఎల్లుండికి పులుస్తుందంటావా?"

"పులుస్తుంది బావా. ట్యాంకు కడగడం మాత్రం నేను చూసుకుంటా," అని తుమ్మాడు అతను. "నువ్వు ప్యాంటు మార్చుకో, చాలు."