చేప రెండో వైపు

పొద్దున్నే లేచి షెక్ కమ్‌షూయ్ చేసిన మొదటి పని, హోటల్ గది గోడకున్న బొమ్మ మీద తన తడి బనీను ఆరేయడం.

"అది దండెం కాదయ్యా, కళ," అంది భార్య యూక్‌హో.

"ఏ కళైతేనేం, మేకు గట్టిగానే ఉంది," అన్నాడాయన.

హాంకాంగ్ రేవును ఆనుకుని కట్టిన ఆ హోటల్లో ఎటు చూసినా కళే. లిఫ్టులో, మెట్ల మీద, చివరికి స్నానాల గది తలుపు మీద కూడా. ఆయనకి నచ్చింది మాత్రం కిటికీ ఒక్కటే. బతుకంతా చేపలు పట్టిన మనిషి కాబట్టి, కింద రేవులో కదిలే ప్రతి పడవకీ ఏదో ఒక వంక పెడుతూ టీ తాగుతున్నాడు. కూతురు లింగ్ చేసిన కళావస్తువొకటి ఇవాళ కింద హాల్లో ప్రదర్శనకి పెడుతున్నారు, ఆమె ఇంటివాళ్లకని గది ఊరికే ఇచ్చారు. ఆ వస్తువేమిటో యూక్‌హోకి కూడా తెలియదు. తెలిస్తే మొగుణ్ణి తీసుకొచ్చేదే కాదు.

వాళ్లు పడవల మీద పుట్టి పెరిగినవాళ్లు. ఆ ఇళ్లలో కడిగిన గిన్నె కూడా బోర్లించరు. పళ్లెంలో చేపను ఒకవైపు తిన్నాక రెండోవైపు తిప్పరు, నడిముల్లు ఎత్తేసి కింది కండ తింటారు. చేప తిరిగితే పడవ తిరుగుతుందని భయం. లింగ్ చిన్నప్పుడు ఒక పొద్దున ఆకలి మీద చేపను తిప్పేసింది. ఆ మధ్యాహ్నమే గాలివానలో నాన్న పడవ బోల్తా పడి, అన్న హోయ్ పోయాడు. శవం ఒడ్డుకొచ్చిన రోజు తండ్రి కొట్టిన దెబ్బకి ఆ పిల్లకి కుడి చెవి వినికిడి పోయింది. ఆ తర్వాత ఆయన తన చేత్తో ఆమె గిన్నెలో ఒక్క చేప ముక్క వేయలేదు. కన్నబిడ్డకి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

కింద హాల్లో జనం మూగారు. మనిషి ఎత్తులో, తెల్లగుడ్డ కప్పిన పెద్ద వస్తువేదో పైకప్పు నుంచి తాళ్లతో వేలాడుతోంది. లింగ్ తండ్రి వైపు ఒకసారి చూసి గుడ్డ లాగేసింది.

పడవ. ఎప్పుడో పాతకలప వాడికి అమ్మేసిన ఆయన పడవే. అడుగు పైకి, కడుపు కిందికి పెట్టి బోర్లా వేలాడదీసింది.

జనం చప్పట్లు కొట్టారు. కమ్‌షూయ్ దగ్గర్లో, జనం మీదికి రాకుండా తాడు కట్టిన ఇత్తడి కంబాన్ని పెరికి చేతికి తీసుకున్నాడు. మొదటి వేటుకి అద్దాల బల్ల తునాతునకలైంది. అడ్డం వచ్చిన కాపలా మనిషి ముక్కు చితికింది. మూడో వేటు పడవ పక్కచెక్కలోకి దిగింది.

లింగ్ పరుగున వెళ్లి పడవ కింద నిలబడింది.

"దించెయ్ దాన్ని," అన్నాడు.

"దించను నాన్నా. అన్న చివరిసారి చూసింది ఈ లోపలి వైపే. నేనూ చూడాలి కదా."

"వాడి పేరెత్తకు. చేపని తిప్పి వాణ్ణి మింగావు. ఇవాళ పడవనే తిప్పావు. ఇంకెవర్ని మింగుతావే?"

కంబం ఆమె భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. లింగ్ మోకాళ్ల మీద కూలిపోయింది. యూక్‌హో మొగుడి మీదికి దూకి, కంబం పట్టుకున్న చేతిని నెత్తురు కారేలా కొరికింది.

"చేప, చేప అని ఇన్నేళ్లూ పిల్లని చంపుకు తిన్నావు. రేవులో తుఫాను హెచ్చరిక గుర్తు ఎగరేశారు, వద్దు నాన్నా అని వాడు మొత్తుకున్నాడు. పిరికివెధవా అని తిట్టి తీసుకెళ్లింది ఎవరు? చేపా?"

ఆమెను విదిలించి ఆయన గుడ్డిగా విసిరిన వేటు పైనున్న కొక్కేనికి తగిలింది. ఒక తాడు తెగింది. ఆ బరువుకి మిగిలినవీ పటపటా తెగాయి. పడవ దభీమని పడి లింగ్ మీద మూతపడింది.

అంతలో లోపలి నుంచి చెక్క మీద పిడికిలి గుద్దిన చప్పుడు. మళ్లీ ఇంకోటి.

కమ్‌షూయ్ చేతిలోంచి కంబం జారిపోయింది. ఆ చప్పుడు ఆయనకి తెలుసు. గాజు పెంకుల మీదే సాగిలపడి పడవ అంచు కింద వేళ్లు దూర్చాడు. అరచేతులు చీరుకుపోయాయి, గోళ్లు లేచిపోయాయి. పక్కవాళ్లు సాయం పట్టేలోపే ఆ ముసలాడి బలానికి పడవ ఒక పక్క పైకి లేచింది.

"ఉండరా హోయ్, వచ్చేశా, ఉండు," అంటూనే ఉన్నాడు. బయటికి వచ్చింది మాత్రం కూతురు.

ఆమెను ఒళ్లోకి లాక్కుని, తలెత్తకుండా చెప్పాడు. "వాడూ ఇలాగే కొట్టాడు. నేను పైన, పడవ అడుగు కరుచుకుని ఉన్నా. వదిలితే నేనూ పోతానని వదల్లేదు. ఆ చప్పుడు ఆగేదాకా వింటూనే ఉన్నా."

పక్కన పడుకున్న మనిషి ఇన్నేళ్లూ యూక్‌హోకి కూడా ఆ మాట చెప్పలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాళ్లు లోకంలో ఉన్నారు. ఈయన తన మీద తనకున్న కోపాన్ని పసిపిల్ల చెవి మీద చూపించాడు.

పోలీసులొచ్చి ఆయన్ని తీసుకెళ్లారు, పూచీ రాయించుకుని వదిలారు. కాపలా మనిషికి నడుం వంచి క్షమాపణ చెప్పుకున్నాడు. మర్నాడు భోజనాలు కాగానే గది ఖాళీ చెయ్యాలని హోటల్ వాళ్లు కబురు పెట్టారు. ఆ భోజనానికి అల్లం, ఉల్లికాడలు వేసి ఆవిరి మీద ఉడికించిన చేప వచ్చింది. లింగ్ భుజానికి కట్టు, ఆయన రెండు చేతులకీ కట్లు. ముగ్గురూ పైకండ తినేశారు.

కమ్‌షూయ్ నడిముల్లు ఎత్తలేదు. తినే పుల్లలు చేప కిందికి దూర్చి, మొత్తం చేపను రెండోవైపుకి తిప్పేశాడు. యూక్‌హో చటుక్కున కిటికీ వైపు చూసింది. కిటికీ అవతల రేవులో పడవలన్నీ ఎప్పట్లాగే పోతున్నాయి.

పొట్ట దగ్గర మెత్తటి ముక్క తీసి కూతురి గిన్నెలో వేసి, ఏదో గొణిగాడు.

"ఆ పక్క నాకు వినపడదు నాన్నా," అంది లింగ్.

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. బల్ల చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చి, ఆమె పక్కన కూర్చుని మళ్లీ చెప్పాడు.

"తప్పు నీది కాదమ్మా. తిను."